ఎర్ర రక్తకణాల మెత్తదనం - శక్తి వ్యయం: ఒక పరిశీలన

కోనసీమ ముఖద్వారమైన రావులపాలెం అరటి మార్కెట్టుకు ప్రసిద్ధి. అరటి పండే ఆ ప్రాంతంలో పచ్చి ఆకును వాడ్చి పొట్లం కట్టడం అందరికీ తెలిసిన పనే. అదే ఆకు ఎండితే మడతపెట్టగానే విరుగుతుంది. తడి పోవడంతో మెత్తదనమూ పోతుంది. ఎర్ర రక్తకణం విషయంలోనూ ఇటువంటిదే జరుగుతుంది. అయితే కోసిన ఆకు తన తడిని కాపాడుకోలేదు. రక్తకణం మాత్రం ప్రతిక్షణం శక్తిని ఖర్చుచేసి కాపాడుకొంటుంది. ఆ ఖర్చు స్వరూపాన్ని, అది ఆగినప్పుడు కలిగే పరిణామాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎర్ర రక్తకణం అడ్డుకొలత సుమారు 7 నుంచి 8 మైక్రోమీటర్లు. అది దాటవలసిన కేశనాళికలలో కొన్ని అంతకంటే సన్ననివి. ప్లీహంలోని చీలికలు మరీ ఇరుకైనవి, వాటి వెడల్పు ఒకటి రెండు మైక్రోమీటర్లకు మించదు. అక్కడ దూరలేని కణాన్ని భక్షక కణాలు తొలగిస్తాయి. 120 రోజుల జీవితకాలంలో కణం ఈ పరీక్షను అనేకసార్లు ఎదుర్కొంటుంది. నిండా బియ్యం పోసిన సంచి వంగదు. కొంత వెలితిగా ఉన్నది ఎటైనా వంగుతుంది. రక్తకణానికీ ఆ వెలితి ఉంది: లోపలి పదార్థానికి గోళాకారంలో అవసరమయ్యే దానికంటే దాని పొర వైశాల్యం సుమారు 40 శాతం ఎక్కువ. పొర లోపలివైపు స్పెక్ట్రిన్ అనే ప్రోటీన్ వలలాగా అల్లుకొని ఉంటుంది. కణం వంగిన తరువాత పూర్వరూపానికి వచ్చేది ఈ వల వల్లనే. ‘మెత్తదనం’ అనే మాట నిజానికి ఇందులో సగమే చెబుతుంది. వంగడం ఎంత ముఖ్యమో తిరిగి కోలుకోవడమూ అంతే ముఖ్యం.

ఈ వెలితి దానంతటది నిలవదు. రక్తద్రవంలో స్వేచ్ఛగా ఉన్న కాల్షియం కణం లోపల ఉన్నదానికంటే పదివేల రెట్లకు పైగా ఎక్కువ. అది నిరంతరం లోపలికి కారుతూ ఉంటుంది, పొరలోని పంపు దానిని బయటికి తోడుతూ ఉంటుంది. మరొక పంపు మూడు సోడియం అయాన్లను వెలుపలికి పంపి రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. రెండింటికీ ఇంధనం అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ. ఏటీపీ తగ్గితే కాల్షియం పేరుకొంటుంది. దాని వల్ల పొటాషియం దారులు తెరుచుకొంటాయి. పొటాషియం వెంట నీరూ పోతుంది. కణం ఎండి బిగుసుకొంటుంది.

ఇంత అవసరం ఉన్నా కణం సంపాదన స్వల్పం. పరిణత ఎర్రకణంలో కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు. అది మోసే ఆక్సిజన్‌ను తన కోసం వాడుకోలేదు. ఒక గ్లూకోజ్ అణువు నుంచి దానికి నికరంగా మిగిలేది రెండు ఏటీపీలు మాత్రమే. ఈ మార్గంలోని పైరువేట్ కైనేజ్ అనే ఎంజైమ్ పుట్టుకతో లోపించినవారిలో ఎర్రకణాలు అకాలంగా నశించి రక్తహీనత కలుగుతుంది.

ఏటీపీని గుర్తించినవారిలో ఒక గోదావరి ప్రాంతీయుడు ఉన్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆ పద్ధతి ఆధారంగా సాగిన కండరాల పరిశోధనలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ వెలుగుచూశాయి. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని స్వతంత్రంగా కనుగొన్నాడు. తెలుగునాట సుబ్బారావును ఔషధాల సృష్టికర్తగానే ఎక్కువగా స్మరిస్తారు. ఏటీపీ ప్రస్తావన అరుదు.

కణం మెత్తదనానికీ ఏటీపీకీ ఉన్న సంబంధాన్ని 1969లో వీడ్, లాసెల్, మెరిల్ ప్రయోగపూర్వకంగా చూపారు. శరీరం వెలుపల ఏటీపీ తరిగిపోయేలా ఉంచిన కణాలు గట్టిపడ్డాయి. అడినోసిన్ అందించి ఏటీపీని పునరుద్ధరించగా వాటి వంగే గుణం తిరిగి వచ్చింది.

ఈ విషయం ప్రాణాపాయ సమయాలలో అక్కరకు వస్తుంది. రావులపాలెం మీదుగా సాగే జాతీయ రహదారిపై గాయపడినవారికి ఎక్కించే రక్తం చాలావరకు నిల్వ ఉంచినదే. 2 నుంచి 6 డిగ్రీల చలిలో కణం జీవక్రియ మందగిస్తుందే గాని ఆగదు. రోజులు గడిచేకొద్దీ ఏటీపీ తగ్గి కొన్ని కణాలు ముళ్లబంతుల్లా మారతాయి. అందుకే నిల్వ ద్రావణంలో గ్లూకోజ్‌తోపాటు ఏటీపీ తయారీకి తోడ్పడే అడినిన్‌ను కలుపుతారు. సీపీడీఏ ద్రావణంలో 35 రోజులు, శాగ్‌ఎమ్ ద్రావణంలో 42 రోజులు నిల్వకు అనుమతి ఉంది. గడువు చివరి రోజున ఎక్కించినా, 24 గంటల తరువాత ఆ కణాలలో కనీసం 75 శాతం రోగి రక్తంలో తిరుగుతూ ఉండాలన్నది నిల్వ పద్ధతులను ఆమోదించడానికి వాడే ప్రమాణం. మిగిలినవాటిలో అధికభాగాన్ని భక్షక కణాలు మొదటి రోజే ఏరివేస్తాయి.