పట్టుచీరలో చుక్క... ఫోన్ తెరలో చుక్క!

మగ్గం మీద పడుగూ పేకా కలిసిన చోట బొమ్మ పుడుతుంది. ఫోన్ తెర మీదా అంతే! కాకపోతే అక్కడ ప్రతి చుక్క కిందా వెంట్రుక మందమైనా లేని జాగాలో ఓ బుల్లి సర్క్యూట్ ఇరికించాలి. ఆ ఇరికించడమే ఇప్పుడో పెద్ద విద్య.

ధర్మవరం పట్టుచీర అంచు మీదున్న నెమలిని భూతద్దంలో చూడండి. నెమలి మాయమై దారాలు కలిసే చోట్లు మాత్రమే కనిపిస్తాయి. ఫోన్‌లోని నెమలినీ అలాగే చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు తప్ప ఇంకేం ఉండవు. మూడు రంగులూ కలిసిన ఆ చుక్కే పిక్సెల్.

పోలిక ఇక్కడితో ఆగదు. జకార్డు మగ్గంలో ఒక్కో అట్ట ఒక్కో అడ్డం వరసకు లెక్క. బెజ్జం ఉన్నచోట కొక్కెం లేస్తుంది, దాంతోపాటే పడుగు పోగులూ లేస్తాయి. ఆ సందులోంచి నాడె దూరుతుంది. తర్వాత ఇంకో అట్ట, ఇంకో వరస. తెర కూడా వరస తర్వాత వరసగానే బొమ్మను నేస్తుంది. అడ్డం తీగ ఒక వరసను తట్టిలేపుతుంది. ఏ చుక్క ఎంత వెలగాలో నిలువు తీగలు చెబుతాయి.

మరచిపోయే చుక్క

తేడా ఒక్కటే. నేసిన పోగు అక్కడే ఉండిపోతుంది. వెలుగు అలా ఉండదు. 1,920 వరసలున్న తెర సెకనుకు 60 సార్లు మారాలంటే, ఒక్కో వరసకు దక్కే సమయం సెకనులో లక్షో వంతు కన్నా తక్కువ! తన వంతు మళ్లీ వచ్చేదాకా ఆ చుక్క చెప్పిన మాట గుర్తుంచుకోవాలి కదా. అందుకే ప్రతి చుక్క దగ్గరా ఓ కుళాయి, ఓ కుండ పెట్టారు. కుళాయి ట్రాన్సిస్టర్. కుండ కెపాసిటర్. వంతు రాగానే కుళాయి తెరుచుకుంటుంది, కుండ నిండుతుంది, కుళాయి మూసుకుంటుంది. అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ పరిశోధనశాలలో పీటర్ బ్రోడీ బృందం 1970ల మొదట్లో ఇలాంటి ఎల్‌సీడీ తెరను చేసి చూపించింది. దాన్నే యాక్టివ్ మ్యాట్రిక్స్ అంటారు.

ఒకటి చాలదు... ఏడు కావాలి!

ఎల్‌సీడీలో వెలుగు వెనకనున్న దీపానిది. చుక్క చేసే పనల్లా తలుపు తీయడం, వేయడం. కాబట్టి ఒక్కో రంగు చుక్కకు ఒక ట్రాన్సిస్టర్ సరిపోతుంది. ఓఎల్‌ఈడీలో చుక్కే దీపం. కుండ నింపడానికి ఒక కుళాయి, ఆ మట్టాన్ని బట్టి దీపానికి కరెంటు పంపడానికి మరొకటి... కనీసం రెండు కావాలి.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. లక్షల కుళాయిలు ఒకే బిగువుతో తయారుకావు. ఒకటి సులువుగా తిరుగుతుంది, ఇంకోటి మొరాయిస్తుంది. ఫలితంగా తెర మీద మరకలు! విరుగుడుగా ప్రతి కుళాయి బిగువునూ ముందు కొలిచి, ఆ తేడాను కుండలో కలిపే ఏర్పాటు చేశారు. దాంతో ట్రాన్సిస్టర్లు ఏడయ్యాయి. ఫోన్లలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇదే. 1,080 నిలువు, 1,920 అడ్డం వరసలు, చుక్కకు మూడు రంగులు, రంగుకు ఏడు ట్రాన్సిస్టర్లు... గుణించి చూడండి. 4 కోట్ల 35 లక్షలు దాటుతాయి!

జాగా ఎక్కడిది?

అంగుళానికి 400 చుక్కలంటే చుక్క వెడల్పు 63.5 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో మూడు రంగులూ సర్దుకోవాలి. 2023లో ఆపిల్ ప్రకటించిన విజన్ ప్రో కళ్లజోడులోనైతే చుక్క వెడల్పు 7.5 మైక్రాన్లే. అక్కడ గాజు పనికిరాదని సిలికాన్ పలక మీదే సర్క్యూట్ చెక్కారు.

ఇరుకింట్లో సామాను సర్దినట్టే ఉంటాయి ఈ చిట్కాలు. కుండను కుళాయి పక్కన పెట్టకుండా దాని నెత్తిన పెట్టడం ఒకటి. పక్క చుక్కతో కొన్ని ట్రాన్సిస్టర్లను ఉమ్మడిగా వాడుకోవడం రెండోది. బిగువు కొలిచే పనిని చుక్కలోంచి తీసేసి తెర బయటి చిప్‌కు అప్పగించడం మూడోది. అయితే కుండ చిన్నదైన కొద్దీ కాస్త కారినా వెలుగు మారిపోతుంది. ఇక్కడే ఇండియం, గాలియం, జింక్ కలిసిన ఆక్సైడ్ ట్రాన్సిస్టర్ అక్కరకొచ్చింది. 2004లో జపాన్‌లో హిదియో హొసోనో బృందం దాన్ని సన్నని పొరగా, వంగే ప్లాస్టిక్ మీద చేసి చూపించింది. మూస్తే దాదాపు కారని కుళాయి అది.

గీసేవాళ్లు కావాలి

మన సీమలో తెరలకేం కొదవలేదు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన సెల్టోస్‌లో పై రకాలకు 10.25 అంగుళాల తెర బిగించారు. తిరుపతిలో టీసీఎల్ ప్లాంటు టీవీ, ఫోన్ తెరల మాడ్యూళ్లు తయారుచేస్తోంది. అయితే బిగించడం వేరు, చుక్క కింద సర్క్యూట్ గీయడం వేరు. ఆ తేడా ఏమిటో ధర్మవరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. నేసినందుకు దక్కేది కూలీ. డిజైను చేతిలో ఉన్నవాడి లెక్కే వేరు!

తెరలు తయారుచేసే ఫ్యాక్టరీకి వేల కోట్లు కావాలి. సర్క్యూట్ గీసి, అది పనిచేస్తుందో లేదో సరిచూసుకోవడానికి మొదట కావాల్సింది కంప్యూటరూ, చదువూ. తర్వాత తయారుచేసేవాళ్లతో చేయి కలపక తప్పదనుకోండి. చదువుకు తోడు మరీ దూరంలోనూ లేదు. హిందూపురం నుంచి వంద కిలోమీటర్లు వెళితే బెంగళూరు. అక్కడి రామన్ పరిశోధన సంస్థలోనే 1977లో ఎస్.చంద్రశేఖర్ బృందం పళ్లెం ఆకారపు అణువుల ద్రవ స్ఫటికాలను కనిపెట్టింది. అటువంటి అణువుల పొర తర్వాత ఎల్‌సీడీ తెరను పక్కనుంచి చూసినా బొమ్మ చెడకుండా చేసింది.

గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి, అట్టలకు బెజ్జాలు కొట్టి, చీర మీద లేపాక్షి బొమ్మలు తెప్పించిన ఊళ్లివి. గడి పరిమాణం తగ్గింది, అంతే. ఆ గడిలో ఏం పెట్టాలో ఆలోచించే పిల్లలు ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల నుంచి ఎందుకు రాకూడదు?