గొట్టం నుంచి గుటకకు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు పాలు తాగడం వెన్నతో పెట్టిన విద్య కాదు. అది వచ్చేదాకా ఆగే ఓపిక ఆస్పత్రికీ, ఇంటికీ ఉందా అన్నదే ప్రశ్న

ఏ పని తేలికైనా మంచినీళ్లు తాగినంత సులువు అంటుంటాం. 30 వారాలకే భూమ్మీద పడ్డ పసికందు విషయంలో ఆ మాట చెల్లదు. పాలు తాగాలంటే ఆ బిడ్డ మూడు పనులు వరస తప్పకుండా చేయాలి. చీకాలి, మింగాలి, ఊపిరి తీయాలి. మింగేటప్పుడు క్షణకాలం ఊపిరి ఆపి, వెంటనే మళ్లీ అందుకోవాలి. ఈ తాళం తప్పితే పాలు పొట్టలోకి కాకుండా శ్వాసనాళంలోకి దారితీస్తాయి. పెద్దవాళ్లకు పొలమారితే దగ్గుతారు, ఎవరో నెత్తిన తడతారు, అంతటితో సరి. కిలో, కిలోంపావు బరువున్న బిడ్డకు గట్టిగా దగ్గే బలం కూడా ఉండదు. ఊపిరి ఆగుతుంది, గుండె వేగం పడిపోతుంది, పెదాలు నీలంగా మారతాయి.

నిజానికి గర్భంలో ఉండగానే, నాలుగో నెల నాటికే పిండం ఉమ్మనీరు మింగడం మొదలుపెడుతుంది. వేలు చప్పరిస్తుంది కూడా. రానిదల్లా ఈ మూడు పనులనూ జతకలిపే నేర్పు. అది చాలామందిలో 34 వారాల ప్రాంతంలో గానీ కుదురుకోదు. పైగా నెలలు నిండని బిడ్డకు బుగ్గల్లో కొవ్వు ఉండదు, పెదాల పట్టు చాలదు, నాలుగు గుటకలకే అలసిపోయి నిద్రలోకి జారుకుంటుంది. అందుకే నోట్లోంచో ముక్కులోంచో పొట్టలోకి వేసిన సన్నని ట్యూబే అప్పటిదాకా దాని ప్రాణాధారం. ఆ ట్యూబు తీసేసి, బిడ్డ తల్లి రొమ్ము పట్టి సొంతంగా తాగేదాకా పట్టే రోజులు, ఒక్కోసారి వారాలు, ఆ కుటుంబానికి అగ్నిపరీక్షే.

ఇలాంటి కుటుంబాలు మన దేశంలో తక్కువేమీ కాదు. 2023లో లాన్సెట్‌లో వెలువడిన అంచనా ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 1.34 కోట్ల మంది శిశువులు 37 వారాలు నిండకుండానే పుట్టారు. అందులో భారత్ వాటా 30 లక్షల పైచిలుకు, అన్ని దేశాల కంటే ఎక్కువ. ప్రాణం నిలబెట్టే ఏర్పాట్లు మాత్రం గత రెండు దశాబ్దాల్లో చాలా మెరుగుపడ్డాయి. 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆస్పత్రిలో మొదలైన ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ కేంద్రాల నమూనా జిల్లా ఆస్పత్రులకు పాకింది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమంతో ప్రభుత్వాస్పత్రుల్లో జబ్బుపడ్డ నవజాత శిశువులకు చికిత్స ఉచితమైంది. వార్మర్లు వచ్చాయి, ఆక్సిజన్ వచ్చింది. పాలు తాగడం నేర్పడానికి మాత్రం యంత్రమేదీ లేదు. అందుకు కావలసింది మనిషి, సమయం.

మన నవజాత శిశు విభాగాల్లో స్థూలంగా ఒక మెట్ల వరస పాటిస్తారు. 28 వారాల లోపు పుట్టినవారికి మొదట రక్తనాళం ద్వారా ద్రవాలు, పోషకాలు. 28 నుంచి 31 వారాల వారికి ట్యూబు. 32 నుంచి 34 వారాల మధ్య ఉగ్గుగిన్నె లేదా చెంచా. 34 దాటితే నేరుగా తల్లి రొమ్ము. ట్యూబులో పోసే పాలు సైతం వీలైనంతవరకు తల్లి పిండి ఇచ్చినవే కావాలి. పిస్టన్ తీసేసిన సిరంజిని ట్యూబుకు తగిలించి, అందులో పాలు పోసి ఎత్తి పట్టుకుంటే వాటంతట అవే దిగుతాయి. నెట్టకూడదు. ఒకటిన్నర కిలోల బిడ్డకు కిలోకు 150 మి.లీ. చొప్పున రోజుకు 225 మి.లీ. లెక్క. రెండు గంటలకోసారి అయితే విడతకు 19 మి.లీ., అంటే నాలుగు టీ చెంచాల కంటే తక్కువే. ఆ నాలుగు చెంచాల కోసం తల్లి రేయింబవళ్లు రెండు మూడు గంటలకోసారి పాలు పిండాలి. సిజేరియన్ కుట్లు ఆరకముందే మొదలయ్యే ఈ చాకిరీని ఎవరూ చాకిరీ అనరు. పాలు రెండు చుక్కలు తగ్గితే మాత్రం 'తల్లికి పాలు లేవు' అని తేల్చేస్తారు.

చిక్కు వచ్చేది ట్యూబు నుంచి నోటికి మారే రోజుల్లోనే. బిడ్డ ఎంత తాగిందన్నది చార్టులో అంకెగా రాయాలి. బరువు రోజూ కిలోకు 15-20 గ్రాముల చొప్పున పెరగాలి. ప్రైవేటు ఆస్పత్రిలో అయితే పూటపూటకూ బిల్లు పెరుగుతుంటుంది. ప్రభుత్వాస్పత్రిలో అయితే అదే పడక కోసం ఇంకో బిడ్డ ఎదురుచూస్తుంటుంది. దాంతో కళ్లు మూసుకుపోతున్న బిడ్డను అరికాలు గీకి లేపి, గడ్డం పట్టి మిగిలిన ఆరు మి.లీ. ఎలాగోలా పోసేయాలన్న తొందర పుడుతుంది. నర్సును తప్పుపట్టలేం, ఆమె చేతిలో మరెందరో పిల్లలు. కానీ అలా పోసిన పాలు బరువుగా మారడం మాట అటుంచి, బిడ్డకు భయం నేర్పుతాయి. నోటి దగ్గరకు ఏది వచ్చినా ఊపిరాడదని తెలుసుకున్న బిడ్డ పెదాలు బిగించేస్తుంది, తల తిప్పుకుంటుంది, ఓకరిస్తుంది. కొందరిలో ఇది నెలల తరబడి, ఘనాహారం మొదలుపెట్టేదాకా వేధిస్తుంది.

అందుకే 'ఎంత తాగింది' అన్న ప్రశ్నను 'ఎలా తాగింది'గా మార్చాలన్న ఆలోచన నవజాత శిశు వైద్యంలో బలపడింది. బిడ్డ తనంతట తాను మేలుకోవడం, నాలుక బయటపెట్టడం, చెయ్యి నోటి దగ్గరకు తెచ్చుకోవడం, చెంపకు తగిలినదాని వైపు నోరు తెరవడం, ఇవి సిద్ధంగా ఉన్నానన్న కబుర్లు. వేళ్లు విచ్చుకుని బిగుసుకోవడం, నుదురు ముడవడం, ఎక్కిళ్లు, పెదవి చివరనుంచి పాలు కారిపోవడం, ఊపిరి ఎగదన్నడం, ఇవి ఇక చాలన్న కబుర్లు. రెండో రకం కనిపించగానే ఆపి, మిగిలిన పాలు ట్యూబులో వేస్తే నష్టమేమీ లేదు. ట్యూబు ఉన్నది అందుకే. బిడ్డను పక్కకు ఒత్తిగిల్లేలా పట్టుకుని, రెండు మూడు గుటకలకోసారి ఊపిరి తీసుకోనిస్తే చాలామంది పిల్లలు ముందుకంటే సుఖంగా తాగుతారు.

ఆరంభం ఇంకా ముందే చేయొచ్చు. ట్యూబులో పాలు దిగుతున్నప్పుడు బిడ్డ ఏదో ఒకటి చప్పరిస్తూ ఉంటే, ట్యూబు నుంచి నోటికి మారే కాలం అయిదు రోజులదాకా తగ్గుతున్నట్టు 2016 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. పశ్చిమ దేశాల్లో అందుకు రబ్బరు పీక ఇస్తారు. మన దేశానికి చెందిన ఇందిరా నారాయణన్ బృందం 1991లోనే అంతకంటే మేలైన ఉపాయం ప్రచురించింది. పాలు పూర్తిగా పిండేసిన తల్లి రొమ్మునే బిడ్డ నోటికి అందించడం. పాలు పెద్దగా రావు కాబట్టి పొలమారే భయం తక్కువ. చీకే అలవాటు పడుతుంది, ఆ స్పర్శకు తల్లిలో పాలూ ఊరతాయి. పైసా ఖర్చు లేదు. పెదాలు, బుగ్గలు, చిగుళ్లను వేలితో పద్ధతిగా మర్దన చేయడం ఇంకో మార్గం. 2002లో సాండ్రా ఫుసిల్ బృందం రోజుకు 15 నిమిషాలు ఇలా చేసి చూస్తే, పూర్తిగా నోటితో తాగడానికి పట్టే కాలం 18 రోజుల నుంచి 11 రోజులకు తగ్గింది. అయితే ఇది నేర్చుకున్న చేతులు చేయాల్సిన పని. నలుగుపెట్టే చేతివాటంతో ఇంట్లో ప్రయోగాలు తగవు.

ఇక ట్యూబుకూ రొమ్ముకూ మధ్య వంతెన ఏదన్న దగ్గర వాదం ఉంది. 'రొమ్ము చీకడం కష్టం, సీసా తేలిక' అన్నది ఆస్పత్రి వరండాల్లో తరచూ వినిపించే మాట. అమెరికాలో పౌలా మయర్ 1988లో అతికొద్దిమంది పిల్లల మీదే అయినా జాగ్రత్తగా కొలిచి చూస్తే, సీసా తాగేటప్పుడే ఆక్సిజన్ ఎక్కువగా పడిపోయింది. రొమ్ము దగ్గర బిడ్డ తన వేగం తాను పెట్టుకుంటుంది, సీసా తన వేగం బిడ్డ మీద పెడుతుంది. 34 వారాల గీత కూడా రాతిమీద గీసింది కాదు. 29 వారాల నుంచే కొందరు రొమ్ము వెతుక్కోవడాన్ని స్వీడన్ పరిశోధకురాలు షెర్స్టిన్ హెడ్‌బర్గ్ న్యూక్విస్ట్ 2008లో నమోదు చేశారు. 26-31 వారాలకు పుట్టిన ఆ పిల్లల్లో సగం మంది దాదాపు 35 వారాలకల్లా పూర్తిగా తల్లిపాలతోనే గడపగలిగారు.

మన వార్డుల్లో సీసా స్థానం ఉగ్గుగిన్నెది. తమిళులు, మలయాళీలు పాలడై అనే ఈ ముక్కు గిన్నె ఇళ్లలోంచి నడిచి ఆస్పత్రిలోకి వచ్చిన అరుదైన వస్తువు. బిడ్డను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టి, గిన్నె ముక్కును పెదవి మూలన ఆనించి, కొద్దికొద్దిగా వంచుతూ ప్రతి గుటకా అయ్యేదాకా ఆగాలి. 1999లో వెలువడిన భారతీయ అధ్యయనంలో కప్పు, సీసాల కంటే దీంతోనే పిల్లలు తక్కువ ఏడుపుతో, తక్కువ సమయంలో ఎక్కువ పాలు తాగారు. 2007లో బ్రిటన్‌లో ప్రయత్నిస్తే ఫలితం తిరగబడింది. పాలు ఎక్కువ ఒలికాయి, సమయం ఎక్కువ పట్టింది. వైరుధ్యంలా కనిపించినా, గిన్నె కంటే దాన్ని పట్టిన చేతి అలవాటే ముఖ్యమనుకుంటే రెండూ పొసగుతాయి. ఆస్ట్రేలియాలో 2004 నాటి పరిశోధన మరో విషయం చెప్పింది. కప్పుతో పట్టిన పిల్లలు ఎక్కువమంది పూర్తి తల్లిపాలతో ఇంటికి వెళ్లారు, కానీ ఆస్పత్రిలో పది రోజులు ఎక్కువ ఉండాల్సి వచ్చింది. ఆ పది రోజులు ఎవరు భరించాలి? కూలికి పోతే తప్ప పూట గడవని ఇంట్లో ఇది చిన్న ప్రశ్న కాదు. అయినా సీసా కంటే ఉగ్గుగిన్నెకే మన పరిస్థితుల్లో ఓటు వేయాలి. వేడినీళ్లలో మరిగిస్తే శుభ్రపడుతుంది, మూలల్లో పాల జిడ్డు దాక్కోదు. పాల సీసాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లో చట్టం చేసి, 2003లో బిగించిన దేశం మనది.

వీటన్నిటికీ ముందు తల్లి అక్కడ ఉండాలి. చాలా ఆస్పత్రుల్లో ఆమె వార్డు ఒకచోట, బిడ్డ అద్దాల వెనక ఇంకోచోట. కొలంబియాలోని బొగోటాలో 1970ల చివర మొదలైన కంగారూ పద్ధతిలో బిడ్డను తల్లి గుండెలకు చర్మం తగిలేలా కట్టుకుంటారు. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో నిర్వహించి 2021లో ప్రచురించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో, పుట్టిన వెంటనే ఇలా చేస్తే 28 రోజుల లోపు మరణాలు 25 శాతం తగ్గాయి. భారత్ తరఫున అందులో పాల్గొన్నది ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి. అక్కడ తల్లి మంచాన్ని నవజాత శిశు విభాగంలోకే తెచ్చేశారు. గుండె మీదున్న బిడ్డ ఎప్పుడు నోరు తెరిచిందో తల్లికి చార్టు చెప్పనక్కర్లేదు.

డిశ్చార్జి తర్వాత ఇంట్లో పరీక్షలు వేరు. 'బిడ్డ గొంతు తడారిపోతోంది' అని తేనె నాకించే పెద్దమ్మలు, ఆయాసం రాదని వీధిలో గాడిద పాలు అమ్మేవాళ్లు తెలుగునాట ఇప్పటికీ ఉన్నారు. ఉగ్గుగిన్నెలో ఆముదం పోయాలన్న అమ్మమ్మ మాట కూడా కొట్టేయడం కష్టం. గిన్నె మంచిదే, అందులో పోసేది తల్లిపాలే కావాలి. తాగేటప్పుడు పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగినా, రెండు మూడు పూటలు వరసగా తాగకుండా నిద్రపోతున్నా, ఒళ్లు చల్లబడినా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. మిగతా రోజుల్లో చూసుకోవాల్సింది మూత్రం తరచూ పోస్తోందా, వారం వారం బరువు పెరుగుతోందా అని. ఆశా కార్యకర్త తెచ్చే తూకం సంచి అందుకు సరిపోతుంది. ఆమె వచ్చినప్పుడు బరువు ఒక్కటే కాదు, బిడ్డ తాగుతుండగా పక్కన పది నిమిషాలు కూర్చుని చూడమని తల్లి అడగాలి.