ఎనిమిదేళ్ల బాలుడి తలాంతు

సంగీతానికి మూలపురుషుడెవరని బైబిలును అడిగితే యూబాలు పేరు చెబుతుంది (ఆదికాండము 4:21). యూబాలు షేతు సంతతివాడు కాడు. తమ్ముణ్ని చంపిన కయీను వంశంలో పుట్టినవాడు. అయినా అతనితో మొదలైన వాద్యాన్ని దేవుడు తోసివేయలేదు. తరతరాల తరువాత దావీదు చేతిలోని సితారా సౌలుకు నెమ్మదినిచ్చింది. అందుకే మంగళంపల్లి బాలమురళీకృష్ణ గురించి ఈ శీర్షికలో రాయడానికి మేము సంకోచించడం లేదు. ఆయన కృతులు ఆయన నమ్మిన దైవాల మీద ఉన్నాయి, వాటిని మనం ఆరాధనలో పాడం. కానీ మంచి ఈవులన్నీ పైనుండే వస్తాయని యాకోబు రాసినప్పుడు (1:17) సంగీతాన్ని మినహాయించలేదు.

1930 జూలై 6న కోనసీమలోని శంకరగుప్తంలో ఆయన పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు. బిడ్డ పసికందుగా ఉండగానే ఆమె కన్నుమూశారు. తండ్రి పట్టాభిరామయ్య పెంచారు. ఆయనా సంగీతం నేర్పేవారే. కొడుకు గొంతులో ఏముందో గుర్తుపట్టిన ఆ తండ్రి, నాకు తెలిసింది చాలులే అనుకోకుండా, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుకు అప్పగించారు. పంతులుగారిది త్యాగరాజు శిష్యపరంపర. ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ ఆరాధనోత్సవాల్లో ఆ పిల్లవాడు పూర్తి కచేరీ చేశాడు. హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ అతని పేరుకు ముందు 'బాల' అని చేర్చారు. అంతవరకు ఉత్త మురళీకృష్ణ. 86 ఏళ్ల వయసులో, 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూసేదాకా ఆయన 'బాల'మురళిగానే ఉన్నారు.

కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాలున్నాయి. వాటిలో చాలావాటిని పెద్ద విద్వాంసులే కచేరీలో ముట్టరు. పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ కుర్రవాడు 72 రాగాల్లోనూ కృతులు కట్టాడు. అవి 1952లో 'జనకరాగమంజరి'గా అచ్చయ్యాయి. వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర కూడా వాయించారు. నాలుగే స్వరాలతో లవంగి రాగాన్ని కల్పించారు. 1991లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

ఐరోపాలో మొజార్ట్ కూడా ఇలాంటి బాలుడే. 1756లో పుట్టి ఐదేళ్లకే స్వరాలు కూర్చాడు. తండ్రి లియోపోల్డ్ బాగానే నేర్పాడు, దానితోపాటు రాజుల కొలువులకూ తిప్పాడు. కొడుకు 35 ఏళ్లకే చనిపోయాడు. అతని అక్క నానెర్ల్ కూడా అదే వేదికల మీద వాయించి మెప్పు పొందింది. పెళ్లీడు రాగానే ఆమె ప్రయాణాలు ఆగిపోయాయి, ఇంట్లోనే ఉండిపోయింది. మొజార్ట్ కథ చెప్పేవాళ్లు ఆమెను మరచిపోతుంటారు. మన సంఘాల్లో అలాంటి అక్కలు ఎందరున్నారో!

ఇంత చెప్పింది మేధావులను పొగడడానికి కాదు. 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయం చూడండి. దావీదు మందిరంలో పాడేందుకు 288 మందిని పెట్టాడు. అందరూ పాటల్లో నేర్పు పొందినవారే. వంతులకు చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద అని గాని, గురువు శిష్యుడు అని గాని భేదం చూపలేదు. గురువులు లేకపోతే ఆ 288 మంది ఎక్కడినుండి వస్తారు?

మన మంథనికి మంత్రపురి అని పేరు. ఈ ఊళ్లో పిల్లలు ఒక్క స్వరం తప్పకుండా వేదం వల్లించడానికి ఏళ్ల తరబడి గురువు ముందు కూర్చునేవారు. అదే గోదావరి ఒడ్డున మన చర్చిల్లో ఏం జరుగుతోంది? క్రిస్మస్ కార్యక్రమంలో ఎనిమిదేళ్ల పాప మైకు ముందు పాడుతుంది. చప్పట్లు కొడతాం, ఒక స్టీలు గిన్నె బహుమతిగా ఇస్తాం. మళ్లీ ఆ పాప గొంతు గుర్తుకొచ్చేది వచ్చే డిసెంబరుకే. మత్తయి 25లో తలాంతును భూమిలో పాతిపెట్టింది దాన్ని అందుకున్న దాసుడే. ఇక్కడ పాపకు ఆ పని కూడా లేదు, పెద్దలమే ఆమె బదులు పాతిపెడుతున్నాం.

మన ఇళ్లలోని పాత 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరవండి. కీర్తనల తలమీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటి భక్తులు బాలమురళి నేర్చిన ఈ సంగీతంలోనే ప్రభువును కీర్తించారు. ఈనాటి యువకులకు ఆ రాగాల పేర్లు అచ్చుతప్పుల్లా కనిపిస్తున్నాయి. కీబోర్డులో ట్రాక్ వేసుకుని పాడడం పాపమని మేము అనడం లేదు. కానీ పాటకు ట్రాక్ దొరికినంత సులువుగా పిల్లకు గురువు దొరకడు.

కరీంనగర్, ఆదిలాబాదు వైపు పల్లె సంఘాల్లో ఈ వరసలు నోటికి వచ్చిన ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. పుస్తకం లేకుండానే చరణాలన్నీ పాడతారు. ఆదివారం ఆరాధన అయ్యాక, అన్నాలకు లేవకముందు, ఒక గంట వాళ్ల పక్కన సండే స్కూలు పిల్లల్ని నలుగురిని కూర్చోబెట్టవచ్చు. దానికి కమిటీ తీర్మానం అక్కరలేదు, చందా అక్కరలేదు. మూలన దుమ్ము పట్టిన హార్మోనియం ఉంటే తుడిచి ముందు పెట్టండి.