నంబరు ముందు, కమిట్ వెనక

పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఆర్డర్ల టేబుల్ ఒకటి ఉందనుకుందాం. చేరే ప్రతి రికార్డుకీ సీక్వెన్స్ ఒక నంబరు ఇస్తుంది. కొత్త ఆర్డర్లను గోదాముకు చేరవేసే ప్రోగ్రాం నిమిషానికోసారి వచ్చి, తాను చివరగా చూసిన నంబరు కంటే పెద్దవాటిని తీసుకెళ్తుంది. చాలామంది రాసేది ఇలాగే. కానీ ఈ పద్ధతిలో ఆర్డర్లు తప్పిపోతాయి.

నంబరు దొరికేది రికార్డు రాసేటప్పుడు. అది ఇతరులకు కనిపించేది ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యాక. ఒక ట్రాన్సాక్షన్ 101 తీసుకుని ఇంకా పనిలో ఉండగానే మరొకటి 102 తీసుకుని కమిట్ అయిపోయింది. అప్పుడే వచ్చిన ప్రోగ్రాం 102 వరకు చూశానని రాసుకుని వెళ్లింది. తర్వాత 101 కమిట్ అయినా దాన్ని అడిగేవారు లేరు. ఎర్రర్ రాదు, లాగ్‌లో జాడ ఉండదు. 101 లేదేమని అనుమానించడానికీ వీల్లేదు: రద్దయిన ట్రాన్సాక్షన్ నంబరును సీక్వెన్స్ వెనక్కి తీసుకోదు కాబట్టి అలాంటి ఖాళీలు మామూలే.

పోనీ సమయాన్ని నమ్ముదామా? 9.5 వెర్షన్ నుంచి కమిట్ సమయాన్ని భద్రపరిచే సెట్టింగ్ ఉంది. అయితే గడియారం చూసిన తర్వాతే కమిట్ రికార్డు, మార్పులను ముందుగా రాసుకునే రైట్-అహెడ్ లాగ్‌లోకి చేరుతుంది. ఆ కాస్త వ్యవధిలో రెండు కమిట్లు తారుమారు కావచ్చు.

కచ్చితమైన క్రమం ఉన్నది ఆ రైట్-అహెడ్ లాగ్‌లోనే. ప్రతి కమిట్‌కూ అక్కడ ఒక స్థానం ఉంటుంది. 2014లో 9.4తో వచ్చిన లాజికల్ డీకోడింగ్ ఆ లాగ్‌ను చదివి, ట్రాన్సాక్షన్లను కమిట్ అయిన క్రమంలోనే బయటికి ఇస్తుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది. ప్రధాన సర్వర్‌లో మామూలుగా లాగ్ డిస్కుకు చేరాకే ట్రాన్సాక్షన్ ఇతరులకు కనబడుతుంది. పక్కపక్కన ఉన్న రెండు కమిట్లు ఆ దశలో ముందువెనకలు కావచ్చు. రెప్లికా మాత్రం లాగ్ క్రమాన్నే పాటిస్తుంది. అంటే రెండుచోట్ల చదివినవాళ్లకు రెండు క్రమాలు కనిపించే అవకాశం ఉంది!

మామూలు సెలెక్ట్ క్వెరీకి ఈ క్రమాన్ని అడిగే సులువైన దారి లేకపోవడం పెద్ద లోటే. అందుబాటులో ఉన్న ఉపాయం ఇది: ప్రతి రికార్డులో ట్రాన్సాక్షన్ ఐడీని కూడా దాచండి. ఇంకా నడుస్తున్న ట్రాన్సాక్షన్లలో అన్నిటికంటే పాతదాని ఐడీ ఎంతో స్నాప్‌షాట్‌లో చూసి, దానికంటే చిన్న ఐడీలవే చదవండి. చివరి గుర్తుగా రాసుకోవాల్సింది కూడా ఆ ఐడీనే. ఏదీ తప్పిపోదు, కాకపోతే గంటసేపు నడిచే ట్రాన్సాక్షన్ ఒక్కటున్నా చదవడం అంతసేపూ ఆగుతుంది. ఆ ఆలస్యం కుదరకపోతే లాజికల్ డీకోడింగే మేలు. మీ ప్రోగ్రాముల్లో ‘చివరి నంబరు కంటే పెద్దవి’ అనే క్వెరీ ఉందేమో, ఈ వారమే వెతికి చూడండి.