మానవ విసర్జక వ్యవస్థ

మానవ విసర్జక వ్యవస్థ అనగా జీవక్రియల వలన శరీరంలో ఏర్పడే వ్యర్థ పదార్థాలను బయటకు పంపే అవయవాల సముదాయము. వీటిలో మూత్రపిండాలు ప్రధానమైనవి. ఊపిరితిత్తులు, చర్మం, కాలేయం, పెద్దప్రేగు కూడా ఈ పనిలో పాలుపంచుకుంటాయి. మూత్రపిండాల పని పూర్తిగా ఆగిపోయి, చికిత్స అందకపోతే మనిషి కొద్ది రోజులు లేదా కొద్ది వారాలకు మించి బ్రతకడం కష్టం. అయినా ఈ అవయవాలు దెబ్బతింటున్న సంగతి చాలాకాలం వరకు బయటపడదు. అందువల్ల ఇవి పనిచేసే తీరును చిన్నతనంలోనే తెలుసుకోవడం అవసరం.

విసర్జన అంటే ఏమిటి

పొయ్యిలో కట్టె కాలినపుడు వేడితో పాటు పొగ, బూడిద కూడా వస్తాయి. మన కణాలలో కూడా ఆహారపదార్థాలు ఆక్సిజన్‌తో కలిసి శక్తినిచ్చేటపుడు కొన్ని వ్యర్థాలు మిగులుతాయి. వాటిని శరీరం నుండి తొలగించడమే విసర్జన.

విసర్జన అనగానే చాలామంది విద్యార్థులకు మలం గుర్తుకు వస్తుంది. శాస్త్రరీత్యా ఈ రెండూ ఒకటి కావు. నోటి నుండి పాయువు వరకు ఉన్న ఆహారనాళం ఒక పొడవైన గొట్టం వంటిది. ఆకుకూరల పీచు, గింజల పొట్టు వంటి జీర్ణం కాని పదార్థాలు ఆ గొట్టం గుండా సాగిపోతాయే కాని రక్తంలోకి, కణాలలోకి ప్రవేశించవు. అందువలన మలంలో అధికభాగం కణాలు తయారుచేసిన వ్యర్థం కాదు. అయితే కాలేయం నుండి పైత్యరసం ద్వారా వచ్చిన వర్ణకాలు మలంతో కలిసి పోతాయి. ఆ మేరకు పెద్దప్రేగు కూడా విసర్జనకు తోడ్పడుతుంది.

వ్యర్థాలు ఎలా ఏర్పడతాయి

పిండి పదార్థాలు, కొవ్వులు శక్తిగా మారినపుడు కార్బన్ డయాక్సైడ్, నీరు ఏర్పడతాయి. పప్పు, గుడ్డు, పాలు, మాంసం వంటి వాటిలోని మాంసకృత్తులు విచ్ఛిన్నమైనపుడు అమ్మోనియా వెలువడుతుంది. ఇది చాలా విషపూరితం. కాలేయం దీనిని అంతగా హాని చేయని యూరియాగా మారుస్తుంది. ఈ మార్పు ఒక చక్రం వలె జరుగుతుందని 1932లో హాన్స్ క్రెబ్స్, కర్ట్ హెన్సెలైట్ అనే శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఇవి కాక కేంద్రకామ్లాల నుండి యూరిక్ ఆమ్లం, కండరాల నుండి క్రియాటినిన్, వయసు మీరిన ఎర్ర రక్తకణాల నుండి బిలిరుబిన్ ఏర్పడతాయి.

అన్ని జీవులూ నత్రజని వ్యర్థాలను ఒకే రూపంలో వదలవు. చుట్టూ నీరు సమృద్ధిగా ఉండే చేపలు ఎక్కువగా అమ్మోనియాను నేరుగా నీటిలోకి వదులుతాయి. పక్షులు, బల్లులు నీటిని ఆదా చేయడానికి యూరిక్ ఆమ్లాన్ని ముద్దగా విసర్జిస్తాయి. గోడ మీద బల్లి రెట్టలో కనిపించే తెల్లని భాగం అదే. కప్ప తోకకప్పగా నీటిలో ఉన్నపుడు ప్రధానంగా అమ్మోనియాను, పెరిగి నేల మీదకు వచ్చాక యూరియాను విసర్జిస్తుంది. మనిషి యూరియాను విసర్జించే జీవి.

మూత్రపిండాల నిర్మాణం

మూత్రపిండాలు నడుము పైభాగంలో వెన్నెముకకు ఇరువైపులా చిక్కుడు గింజ ఆకారంలో ఉంటాయి. పెద్దవారిలో ఒక్కొక్కటి సుమారు 10 నుండి 12 సెంటీమీటర్ల పొడవు, 150 గ్రాముల బరువు ఉంటుంది. కాలేయం కుడివైపున ఉండటం వలన కుడి మూత్రపిండం కొంచెం కిందికి ఉంటుంది. మూత్రపిండాన్ని నిలువుగా కోసి చూస్తే వెలుపల వల్కలం, లోపల దవ్వ అనే రెండు భాగాలు కనిపిస్తాయి.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల వృక్క ప్రమాణాలు ఉంటాయి. వీటినే నెఫ్రాన్‌లు అంటారు. ప్రతి నెఫ్రాన్‌కు ఒక చివర గిన్నె వంటి బౌమన్ గుళిక ఉంటుంది. దీనిని 1842లో వివరించిన ఆంగ్ల వైద్యుడు విలియం బౌమన్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. గుళికలో సన్నని రక్తకేశనాళికల గుచ్ఛం ఉంటుంది. గుళిక నుండి మెలికలు తిరిగిన పొడవైన నాళిక బయలుదేరుతుంది.

నెఫ్రాన్‌ల సంఖ్య మనిషి పుట్టేనాటికే నిర్ణయమైపోతుంది. ఆ తరువాత నశించిన వాటి స్థానంలో కొత్తవి పుట్టవు.

మూత్రం ఏర్పడే విధానం

గుండె నిమిషానికి పంపే సుమారు 5 లీటర్ల రక్తంలో ఒక లీటరుకు పైగా మూత్రపిండాలకే వెళుతుంది. శరీర బరువులో నూటికి ఒక వంతు కూడా లేని అవయవాలకు ఇంత రక్తం ఎందుకు అనే ప్రశ్నకు సమాధానం మూత్రం తయారయ్యే పద్ధతిలోనే ఉంది.

మూత్రపిండం రక్తంలోని చెడును మాత్రమే ఏరి పారవేస్తుందని సాధారణంగా అనుకుంటారు. నిజానికి ముందుగా జరిగేది వేరు. సంక్రాంతికి ఇల్లు దులిపేటపుడు సామానంతా వాకిట్లోకి చేర్చి, కావలసిన వాటిని మళ్ళీ లోపల సర్ది, పనికిరాని వాటిని బయటనే వదిలివేస్తారు. మూత్రపిండం చేసే పని కూడా చాలావరకు ఇటువంటిదే. ఇందులో మూడు దశలు ఉన్నాయి.

మొదటిది గుచ్ఛగాలనం. రక్తపీడనం వలన కేశనాళికల గుచ్ఛం నుండి నీరు, లవణాలు, గ్లూకోజు, యూరియా వంటి చిన్న అణువులు గుళికలోకి వడపోతకు వస్తాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు వెనుకనే ఉండిపోతాయి. ఇలా వడపోతకు వచ్చే ద్రవం రోజుకు సుమారు 180 లీటర్లు. 15 లీటర్ల బిందెలతో కొలిస్తే 12 బిందెలు. శరీరంలో ఉన్న ప్లాస్మా సుమారు 3 లీటర్లే కనుక అది రోజుకు 60 సార్లు వడపోతకు గురి అవుతున్నదన్నమాట.

రెండవది పునఃశోషణ. నాళికల గోడలలోని కణాలు కావలసిన పదార్థాలను తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. గ్లూకోజు దాదాపు పూర్తిగా, నీరు నూటికి 99 పాళ్ళు వెనక్కి వెళ్తాయి. రక్తంలో గ్లూకోజు బాగా పెరిగినపుడు ఈ కణాలు దానినంతటినీ తిరిగి తీసుకోలేవు. మధుమేహం అదుపు తప్పినవారి మూత్రంలో చక్కెర కనిపించడానికి కారణం ఇదే.

మూడవది నాళికా స్రావం. కొన్ని ఔషధాలు, ఆమ్లాలు, అదనపు పొటాషియం వంటి వాటిని నాళిక కణాలు రక్తం నుండి తీసుకుని నాళికలోకి పంపుతాయి.

ఈ మూడు దశల తరువాత మిగిలేదే మూత్రం. ఇది రోజుకు సుమారు ఒకటిన్నర లీటరు ఉంటుంది. అంతటినీ వడపోసి మళ్ళీ తీసుకోవడం వృథా శ్రమగా కనిపించవచ్చు. కాని దీనిలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. వడపోతకు వచ్చే కొత్త పదార్థాన్ని ఇది చెడ్డదని శరీరం ప్రత్యేకంగా గుర్తించనక్కరలేదు. నాళిక కణాలు తిరిగి తీసుకోని పదార్థం దానంతట అదే బయటకు పోతుంది.

నీటి సమతుల్యత, ఇతర పనులు

ఎండాకాలంలో నీరు తక్కువ తాగినపుడు మూత్రం కొద్దిగా, చిక్కగా వస్తుంది. అప్పుడు పీయూష గ్రంథి నుండి విడుదలయ్యే వాసోప్రెస్సిన్ అనే హార్మోను నాళికలు మరింత నీటిని వెనక్కి తీసుకునేట్లు చేస్తుంది. నీరు ఎక్కువ తాగినపుడు ఈ హార్మోను తగ్గి మూత్రం పలుచబడుతుంది.

రక్తపీడనాన్ని, లవణాలను, ఆమ్లత్వాన్ని సమతుల్యంలో ఉంచడం, ఎర్ర రక్తకణాల తయారీకి కావలసిన హార్మోనును విడుదల చేయడం, విటమిన్ డిని పనికివచ్చే రూపంలోకి మార్చడం కూడా మూత్రపిండాల పనులే. మూత్రపిండ రోగులలో రక్తహీనత, ఎముకల బలహీనత కనిపించడానికి కారణం ఇదే.

మూత్రం రంగు

మూత్రంలో నూటికి 95 పాళ్ళు నీరే. దాని పసుపు రంగుకు ముఖ్య కారణం యూరోబిలిన్ అనే వర్ణకం. పాత ఎర్ర రక్తకణాల నుండి వచ్చిన బిలిరుబిన్‌ను ప్రేగులలోని బాక్టీరియాలు మార్చడం వలన ఇది ఏర్పడుతుంది. ఈ మార్పుకు కారణమైన ఎంజైమును అమెరికా పరిశోధకులు 2024లో వెల్లడించారు. బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకుంటే మూత్రం ముదురు పసుపుగా, బీట్‌రూట్ తింటే కొందరిలో ఎర్రగా రావడం హానికరం కాదు. కారణం లేకుండా ఎర్రగా లేదా ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం వైద్యునికి చూపించాలి.

మూత్రాశయం

మూత్రపిండాల నుండి మూత్రం రెండు మూత్రనాళాల ద్వారా మూత్రాశయానికి చేరుతుంది. నాళాల గోడలలోని కండరాలు అలలు అలలుగా ముడుచుకోవడం వలన మనం పడుకుని ఉన్నా మూత్రం ముందుకు సాగుతుంది. మూత్రాశయం సుమారు 400 నుండి 500 మిల్లీలీటర్ల మూత్రాన్ని నిలువ ఉంచుకోగలదు. సగం నిండేసరికి మెదడుకు కబురు అందుతుంది. పసిపిల్లలలో ఇది అసంకల్పితంగా ఖాళీ అవుతుంది. వయసుతో పాటు మెదడుకు అదుపు వస్తుంది.

మూత్రం బయటకు వచ్చే మార్గాన్ని ప్రసేకం అంటారు. ఇది స్త్రీలలో సుమారు 4 సెంటీమీటర్లే ఉండటం వలన సూక్ష్మజీవులు సులభంగా మూత్రాశయాన్ని చేరతాయి. మరుగుదొడ్డి సరిగా లేని పాఠశాలలలో కొందరు బాలికలు ఇంటికి వెళ్ళేవరకు నీరు తాగకుండా, మూత్రం ఆపుకుని గడుపుతారు. ఇది మూత్రకోశ వ్యాధులకు దారితీయవచ్చు. 2009 నాటి విద్యాహక్కు చట్టం బాలురకు, బాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండాలని నిర్దేశించింది. విసర్జక వ్యవస్థ పాఠం తెలిసినవారికి ఆ నిబంధన ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఇతర విసర్జక అవయవాలు

ఊపిరితిత్తులు: విశ్రాంతిలో ఉన్న మనిషి నిమిషానికి సుమారు 200 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాడు.

చర్మం: మన చర్మంలో 20 నుండి 40 లక్షల స్వేద గ్రంథులు ఉన్నాయి. చెమటలో లవణాలు, కొద్దిగా యూరియా పోతాయి. అయితే చెమట ముఖ్యోద్దేశం శరీరాన్ని చల్లబరచడమే.

కాలేయం: యూరియాను తయారుచేస్తుంది. బిలిరుబిన్‌ను పైత్యరసంతో ప్రేగులలోకి పంపుతుంది. కామెర్లలో బిలిరుబిన్ రక్తంలో పెరగడం వలన కళ్ళు పచ్చబడతాయి.

మూత్రపిండాల వ్యాధులు

కొన్ని నెఫ్రాన్‌లు నశిస్తే మిగిలినవి వాటి పనిని కూడా భరిస్తాయి. ఒక మూత్రపిండాన్ని దానం చేసినవారు రెండవదానితో ఆరోగ్యంగా జీవించగలగడానికి కారణం ఇదే. వ్యాధి చాలాకాలం దాగి ఉండటానికి కూడా ఇదే కారణం. దాదాపు సగం పనితనం పోయేవరకు రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. కాళ్ళ వాపు, ఆయాసం, వాంతులు కనిపించేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, రక్తపోటు కొలవడం ద్వారా ముందుగా గుర్తించవచ్చు.

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి మధుమేహం, అధిక రక్తపోటు ముఖ్య కారణాలు. వైద్యుని సలహా లేకుండా నొప్పి మాత్రలను ఎక్కువకాలం వాడటం కూడా హానికరం.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో మధుమేహం గాని, అధిక రక్తపోటు గాని లేనివారిలో సైతం ఈ వ్యాధి ఎక్కువగా కనిపిస్తున్నది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు ఈ ప్రాంతంలోనివి. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా ఉండే ఈ ఊళ్ళలో రైతులు, కూలీలు ఎక్కువగా దీని బారిన పడ్డారు. తాగునీరు, ఎండలో శ్రమ వంటి పలు అంశాలపై పరిశోధనలు జరిగినా ఇదే కారణమని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, ఈ ప్రాంతానికి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి.

డయాలసిస్, మూత్రపిండ మార్పిడి

మూత్రపిండాలు విఫలమైనపుడు రక్తాన్ని యంత్రం ద్వారా శుద్ధి చేయడాన్ని హీమోడయాలసిస్ అంటారు. నెదర్లాండ్స్‌కు చెందిన వైద్యుడు విలెం కోల్ఫ్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, సెల్లోఫేన్ గొట్టాలతో కృత్రిమ మూత్రపిండాన్ని తయారుచేశాడు. నేడు రోగులకు సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల పాటు డయాలసిస్ చేస్తారు. ఇది వ్యర్థాలను, అదనపు నీటిని తొలగిస్తుంది కాని మూత్రపిండాల ఇతర పనులను చేయలేదు. పేద రోగులకు ఉచితంగా ఈ సేవ అందించడానికి భారత ప్రభుత్వం 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది.

1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్ నగరంలో జోసెఫ్ ముర్రే బృందం కవల సోదరులలో ఒకరి మూత్రపిండాన్ని మరొకరికి విజయవంతంగా అమర్చింది. ముర్రేకు 1990లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో అవయవాల మార్పిడికి 1994లో చట్టం వచ్చింది. దీని ప్రకారం అవయవాల అమ్మకం నేరం. మరణానంతర అవయవదానానికి కూడా ఈ చట్టం వీలు కల్పించింది.

పిల్లలు పాటించవలసిన జాగ్రత్తలు

దాహం వేసేవరకు ఆగకుండా, ముఖ్యంగా ఎండాకాలంలోను ఆటల సమయంలోను, తరచుగా నీరు తాగాలి. మూత్రం లేత పసుపుగా ఉంటే నీరు సరిపోతున్నట్లు లెక్క.

మూత్రం వచ్చినపుడు ఆపుకోరాదు. తరగతిలో ఉంటే ఉపాధ్యాయుని అడిగి వెళ్ళడానికి సంకోచించరాదు.

అప్పడాలు, ఊరగాయలు, చిప్స్ వంటి ఉప్పు ఎక్కువగల వాటిని మితంగా తినాలి.

మూత్రంలో మంట, రక్తం, ఎక్కువ నురగ, ఉదయం లేవగానే ముఖం ఉబ్బి ఉండటం వంటివి కనిపిస్తే సిగ్గుపడకుండా ఇంట్లో పెద్దవారికి చెప్పాలి.

ఇంట్లో మధుమేహం, రక్తపోటు ఉన్న పెద్దలకు ఏడాదికి ఒకసారైనా మూత్ర పరీక్ష, క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలని గుర్తు చేయాలి.