మెరుగు కింద ఇనుము

పాత స్పోర్ట్స్ కారు కొనడానికి వెళ్లినవారి చూపు ముందుగా రంగు మీద, చెవి ఇంజను చప్పుడు మీద పడతాయి గాని, ఆ కారు ఇంకెన్నాళ్లు నిలుస్తుందో ఈ రెండూ చెప్పవు. రంగును నెల రోజుల్లో కొత్తగా వేయించవచ్చు. ఇంజనును విప్పి, సిలిండర్లకు బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించడం ఖర్చుతో కూడినదే అయినా, మంచి మెకానిక్ షెడ్డులో జరిగిపోయే పనే. బండి బరువును మోసే ఇనుపరేకు లోపలివైపు నుంచి తుప్పు తిని పల్చబడితే మాత్రం, దానిని కోసి, కొలతలు తప్పకుండా కొత్త రేకు అతికించడానికి అయ్యే ఖర్చు చాలాసార్లు కారు వెలనే మించిపోతుంది. అందుచేత పరీక్ష అడుగునుంచి మొదలై పైకి రావాలి. మొదట ఇనుము, తరువాత చక్రాలు, ఆపైన ఇంజను, చిట్టచివర రంగు.

ఈ క్రమం కార్ల లోకంలో పుట్టింది కాదు. రైల్వే వర్క్‌షాపుల్లో ఇది తరతరాలుగా నడుస్తున్న పద్ధతి, అటువంటి వర్క్‌షాపుల్లో ఖరగ్‌పూర్‌ది పెద్ద పేరు. బెంగాల్-నాగపూర్ రైల్వే 19వ శతాబ్దం చివర ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా ఎంచుకొని అక్కడ వర్క్‌షాపు కట్టినప్పుడు, శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు పెద్దసంఖ్యలో వచ్చి పనిలో చేరారు. పశ్చిమ బెంగాల్‌లో ఉన్న ఆ పట్టణపు గోల్‌బజార్‌లో నేటికీ తెలుగు వినిపించడానికి ఆ వలసే మూలం. గోల్‌బజార్‌లో స్పోర్ట్స్ కార్ల వ్యాపారమేమీ లేదు. అయినా పాత ఇనుమును ఎలా పరీక్షించాలన్న విద్య ఆ పట్టణపు తెలుగు కార్మిక కుటుంబాలకు వృత్తిగా వచ్చింది, పాత కారు పరీక్షకు కావలసినదీ సరిగ్గా ఆ విద్యే.

వర్క్‌షాపుకు నిర్ణీత గడువున వచ్చే ప్రయాణికుల పెట్టెకు పీరియాడికల్ ఓవర్‌హాల్, రైల్వేవారి మాటలో పి.ఓ.హెచ్., జరుగుతుంది. పెట్టెను చక్రాల చట్రాలైన బోగీల మీద నుంచి పైకెత్తి, అడుగుభాగాన్ని శుభ్రపరచి, మరుగుదొడ్ల కిందా, తలుపుల దగ్గరా ఉన్న రేకును ప్రత్యేకంగా చూస్తారు. పెట్టె పొడవునా రెండు అంచుల్లో సాగే సోల్‌బార్ అనే దూలం నీరు చేరే ఆ చోట్లనే ముందుగా తుప్పు పడుతుంది. 1955లో మొదలైన పెరంబూరు ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పెట్టెలకు ఆ పేరు రావడానికి కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. అడుగు చట్రం ఒక్కటే బరువు మోసి, పైనున్న గోడలు దాని మీద ఊరకే కూర్చోవడం కాకుండా, గోడలు, పైకప్పు, అడుగు అన్నీ కలిసి బరువును పంచుకుంటాయి. కార్లలో ఇదే పద్ధతిని మోనోకాక్ అంటారు. ఇటువంటి నిర్మాణంలో అలంకారానికి మాత్రమే ఉన్న రేకు తక్కువ, బరువు మోసే రేకు ఎక్కువ.

ఇంగ్లండులోని అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు 5 లక్షలకు పైగా తయారైన ఎం.జి.బి. ఈ మోనోకాక్ పద్ధతిలో కట్టిన స్పోర్ట్స్ కారు. దానికి బెంగాల్‌తో దగ్గరి చుట్టరికం ఉంది. హౌరాకు సమీపంలోని ఉత్తరపాడాలో 1950ల చివరి నుంచి 2014 మే వరకు తయారైన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు వాడిన 1,489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, ఎం.జి.బి.లోని 1,798 ఘన సెంటీమీటర్ల ఇంజను, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ అనే ఒకే కుటుంబానికి చెందినవి. అంతకుముందరి ఎం.జి.ఏ. 1955లో వచ్చింది సరిగ్గా ఆ 1,489 ఇంజనుతోనే. అంబాసిడర్ ఇంజనులో చేయి తిరిగిన మెకానిక్‌కు ఎం.జి. ఇంజను కొత్త కాదు. అతనికి కొత్తగా ఎదురయ్యేది పైకప్పు లేని శరీరం.

పైకప్పు లేకపోవడం చిన్న తేడా కాదు. కప్పున్న కారులో బరువు పైనుంచి కూడా పంచుకోబడుతుంది. కప్పు లేనిదానిలో ముందు చక్రాలకు, వెనుక చక్రాలకు మధ్య వంగుడును, మెలికను ప్రధానంగా తట్టుకొనేది తలుపుల కింద పొడవునా సాగే సిల్లు అనే మూసిన రేకు పెట్టెలూ, వాటితో కలిసిన నేలరేకూ, మధ్యనున్న సొరంగమూ. మూసిన పెట్టెకు మెలికను ఎదిరించే శక్తి ఎంత ఎక్కువో ఒక లెక్కతో తెలుస్తుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధం, 1 మిల్లీమీటరు మందం గల రేకు గొట్టాన్ని పొడవునా ఒక్క చోట చీలిస్తే, అందులో ఉక్కు ఏమాత్రం తగ్గకపోయినా, మెలికకు అది చూపే బిగువు 7,500 వంతులలో ఒక వంతుకు పడిపోతుంది. సిల్లు గుండ్రని గొట్టం కాదు గనుక అంకె మారుతుంది గాని సూత్రం మారదు. అడుగు అతుకు పొడవునా తుప్పుతో విడిపోయిన సిల్లు బయటినుంచి చూడటానికి నిండుగానే ఉంటుంది, పనిలో మాత్రం అది చీలిన గొట్టమే.

తుప్పు ఆ అతుకులోనే ఎందుకు మొదలవుతుందన్నది రసాయనశాస్త్రం చక్కగా వివరించే విషయం. ఇనుము మీద తడి పొర నిలిచినప్పుడు ఆ ఉపరితలం చిన్న బ్యాటరీ అవుతుంది. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది, మరొకచోట గాలిలోని ఆక్సిజన్, నీరు ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటాయి. ఆక్సిజన్ బాగా అందే చోటు తీసుకొనే భాగంగా, అందని చోటు కరిగే భాగంగా మారతాయి. రెండు రేకుల నడుమనున్న సన్నని సందులో తడి చేరుతుంది గాని గాలి ఆడదు, కాబట్టి కరిగేది అక్కడి ఇనుమే. పుట్టిన తుప్పు కరిగిన ఇనుముకంటె రెండు రెట్లకు మించిన చోటు ఆక్రమించి రేకులను విడదీస్తుంది, ఆ ఎడంలో మరింత తడి చేరుతుంది. గాలిలో సాపేక్ష తేమ సుమారు 60 శాతం దాటితే ఈ చర్య వేగం అందుకుంటుంది. దక్షిణ బెంగాల్ వర్షాకాలంలో నెలల తరబడి ఆ హద్దు దాటే ఉంటుంది. సిల్లు అడుగున నీరు కారిపోవడానికి వదిలిన రంధ్రాలు మట్టితో పూడుకుపోయిన కారు ఎండాకాలంలో కూడా లోపల తడిగానే ఉండగలదు.

లోపలి తుప్పును బయటినుంచి పట్టుకొనే ఉపాయాల్లో మొదటిదానికి పరికరమేదీ అక్కరలేదు. తలుపు మూసి, దాని ముందు అంచుకూ వెనుక అంచుకూ ఉన్న సందు వెడల్పును పైనా కిందా కొలిచి, ఆపైన ఒక పక్క జాకీ వేసి చక్రాన్ని లేపి, తిరిగి అవే సందులను కొలవాలి. సందు స్పష్టంగా మారినా, తలుపు పట్టేసి తెరుచుకోకపోయినా, నడుము బలం పోయినట్టే లెక్క. జాకీ పెట్టే చోటు రేకు చప్పుడు చేస్తూ లోపలికి నలిగితే వేరే పరీక్ష అవసరమే ఉండదు.

రెండవది అయస్కాంతం. గుంటలను, తుప్పు కన్నాలను పుట్టీతో పూడ్చి రంగు వేయడం సాధారణమే. పుట్టీ పాలియెస్టర్ పదార్థం, దానికి అయస్కాంతం అతుక్కోదు. ఉక్కుకూ అయస్కాంతానికీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడం వచ్చినా ఆకర్షణ బాగా తగ్గిపోతుంది. పలుచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని సిల్లు పొడవునా, చక్రాల కమానుల అంచుల వెంట జరిపితే పుట్టీ ఉన్న చోట అది జారిపోతుంది. రంగు మందాన్ని కొలిచే గేజి కూడా ఇదే సూత్రం మీద పనిచేసి అంకె చూపుతుంది. కర్మాగారపు రంగు మీద సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల వరకు, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు దాకా, కనిపించేచోట 1,000 దాటితే అది రంగు కాదు, పుట్టీ. అడుగున కొత్తగా పూసిన నల్లని తారుపూత దగ్గర మాత్రం గేజి కంటె స్క్రూడ్రైవరు మొన నమ్మదగినది. అమ్మేవారి అనుమతితో మెల్లగా నొక్కినప్పుడు మంచి రేకు నిలబడుతుంది, చెడినది దిగబడుతుంది. ఆ అనుమతి ఇవ్వడానికి ఇష్టపడని బేరం నుంచి తప్పుకోవడమే మేలు.

తుప్పు తరువాతి శత్రువు అలసట. ఒక్కసారి మోయగల బరువుకంటె చాలా తక్కువ బరువైనా లక్షల సార్లు పడి లేస్తూ ఉంటే లోహంలో సన్నని బీట పుట్టి పెరుగుతుంది. ఈ సంగతి లోకానికి తెలిసింది రైళ్ల వల్లనే. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది. తరువాతి దశాబ్దాల్లో జర్మన్ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఇరుసులను పదేపదే వంచి పరీక్షించి అలసటకు లెక్కలు కట్టాడు. నేడు వర్క్‌షాపులో ఇరుసు కొసకు అల్ట్రాసోనిక్ ప్రోబ్ ఆనించి, చెవికి అందని ధ్వనిని లోపలికి పంపుతారు. ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోయే ఆ ధ్వని, దారిలో బీట తగిలితే అవతలి కొస చేరకముందే ప్రతిధ్వనిగా తిరిగివస్తుంది. కారుకు అంత ఏర్పాటు దొరకనప్పుడు, స్టీరింగు చేతులు, ముందు చక్రాల ఇరుసు మొదళ్లు శుభ్రం చేసి ఎర్రని చొచ్చుకుపోయే ద్రవం పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లితే బీట ఎర్రని గీతగా బయటపడుతుంది.

స్టేషనులో రైలు ఆగినప్పుడు చక్రాలను సుత్తితో తట్టి వినే పద్ధతి ఖరగ్‌పూర్‌వారికి చెప్పనక్కరలేదు. ఎం.జి. కార్ల పుల్లల చక్రాలకు అదే పరీక్ష చిన్న స్పానరుతో చేయవచ్చు. బిగువుగా ఉన్న పుల్ల ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. వరుసగా రెండు మూడు మొద్దు పలుకులు వినిపించిన చక్రాన్ని వాడకూడదు. చక్రాన్ని హబ్‌కు పట్టి ఉంచే పళ్లు అరిగాయో లేదో తెలుసుకోవడానికి, బ్రేకు గట్టిగా తొక్కించి, జాకీ మీద లేచిన చక్రాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూస్తే చాలు. టక్కుమన్న ఆట ఉంటే పళ్లు పోయినట్టే.

మోనోకాక్ కాని కార్లకు తనిఖీ చోట్లు మారతాయి. మద్రాసులో 1961 నుంచి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, దానికి దగ్గరి బంధువైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు విడి చట్రం మీద కట్టినవి. హెరాల్డ్‌లో చట్రం నుంచి పక్కలకు చాచిన చేతులను తుప్పు కోసం చూడాలి, రెండింటిలోనూ ముందు చక్రాల కింద ఉండే ట్రనియన్ అనే కంచుమిశ్రమపు మరను అంతకంటె శ్రద్ధగా చూడాలి. దానికి గ్రీజు కాదు, చిక్కని గేరు ఆయిలు పట్టించాలి. ఈ నియమం తెలియక గ్రీజు కొట్టిన బండ్లలో లోపలి ఉక్కు మర తుప్పుపట్టి విరిగి, చక్రం పక్కకు ఒరిగిపోగలదు.

ఇంజను వంతు ఇప్పుడు. వేడెక్కిన ఇంజనుకు ప్లగ్గులన్నీ విప్పి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, ఒక్కొక్క సిలిండరులో కంప్రెషన్ కొలవాలి. అంకె ఎంత అన్నదానికంటె నాలుగూ ఒకదానికొకటి 10 శాతం లోపల ఉన్నాయా అన్నది ముఖ్యం. తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ కొలిస్తే, అంకె పెరిగితే లోపం రింగులది, పెరగకపోతే వాల్వులది. పక్కపక్క రెండూ తక్కువైతే వాటి నడుమ హెడ్ గ్యాస్‌కెట్ కాలిందని అనుమానించాలి. భారతదేశంలో 2000 సంవత్సరంతో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసం సమ్మేళనాలు వాల్వు కూర్చునే చోట పలుచని పూతగా నిలిచి పోతయినుమును కాపాడేవి. అవి లేకపోతే వాల్వు తన పీటను కొద్దికొద్దిగా కొరుక్కుంటూ లోపలికి దిగి, సర్దిన సందు మళ్లీ మళ్లీ తగ్గిపోతుంది. హెడ్‌లో గట్టి ఉక్కు పీటలు వేయించారా అని అడగడం అందుకే. నేటి పెట్రోలులోని 20 శాతం ఇథనాల్ తడిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోలు గొట్టాలు ఎప్పుడు మార్చారో తెలియకపోతే కొన్న రోజే మార్చుకోవాలి.

కాగితాల పరీక్ష కూడా ఇనుము మీదే ముగుస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసి, వి.ఏ. అక్షరాలు గల నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, పునరుద్ధరణకు 5,000. చట్రం, శరీరం, ఇంజను మార్పులకు గురికాకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు. భాగాలు దొరకని కాలంలో ఎం.జి. కార్లకు అంబాసిడర్ ఇంజను అమర్చడం జరిగేదే. అటువంటి కారు హాయిగా నడవవచ్చు గాని ఈ నమోదు దగ్గర చిక్కు తప్పదు. ఎం.జి.బి. అసలు ఇంజను నంబరు 18 అంకెతో మొదలవుతుంది కాబట్టి ఈ తేడా బానెట్ ఎత్తిన క్షణంలోనే బయటపడుతుంది. శరీరం నంబరు పలక స్క్రూలతో గాని రివెట్లతో గాని బిగించినది, ఒక కారు నుంచి మరొక దానికి మార్చడం కష్టం కాదు. పలక మీది అంకెలతో పాటు ఆ బిగింపులు పాతవేనా అన్నదీ, చుట్టూ రంగు చెదిరిందా అన్నదీ చూసి, రిజిస్ట్రేషన్ పుస్తకంతో ఒక్కొక్క అక్షరం సరిపోల్చుకున్న తరువాతనే ధర మాట ఎత్తాలి.