ఊడ్చే పని ‘ప్రధాన’ పని ఎందుకు కాలేదు?

చట్టాలు పార్లమెంటులో తయారవుతాయని పాఠాల్లో చదువుకుంటాం. నిజానికి బిల్లు సభకు వచ్చేసరికే అందులోని మాటలు చాలావరకు ఖరారైపోతాయి. ఆ మాటల మీద జీతానికి పనిచేసేవాళ్లలో వ్యాపార సంఘాల కార్మిక చట్ట సలహాదారులు ఉంటారు.

సీఐఐ, ఫిక్కీ, అసోచామ్ వంటి సంఘాల్లో ఈ పని చూసేవాళ్లు ముసాయిదాను సెక్షన్ల వారీగా చదువుతారు. ఏది భారమో సభ్య కంపెనీలను అడుగుతారు. ఏ మాట తీసేయాలో, దాని బదులు ఏది పెట్టాలో వినతిపత్రంలో రాసిస్తారు. కార్మిక సంఘాలు కూడా ఉండే త్రైపాక్షిక సమావేశాల్లో వాదిస్తారు. ఇది చట్టవిరుద్ధమేమీ కాదు. కానీ ఒక్క నిర్వచనం ఎందరి బతుకులు మారుస్తుందో గమనించాలి.

ఏడాది పొడవునా సాగే పనుల్లో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. కాంట్రాక్టు నియామకాలపై ఆంక్షలు సడలించాలని పరిశ్రమ వర్గాలు ఎప్పటి నుంచో కోరుతున్నాయి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి ‘ప్రధాన కార్యకలాపం’ అనే మాట తెచ్చింది. ప్రధాన పనిలో కాంట్రాక్టు కూడదంటూనే పారిశుధ్యం, కాపలా, క్యాంటీన్, లోడింగ్ వంటివి ప్రధానం కావంది. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అలాంటి జాబితానే దేశమంతటికీ తెచ్చింది. పైగా కాంట్రాక్టు నిబంధనలు వర్తించే పరిమితిని 20 మంది నుంచి 50కి పెంచింది. 2025 నవంబర్ 21న ఈ కోడ్ అమల్లోకి వచ్చింది.

ఊడ్చేవాళ్లు లేకపోతే ఆస్పత్రి ఒక్కరోజు నడవదు. అయినా చట్టం దృష్టిలో అది ఆస్పత్రి ప్రధాన పని కాదు. జాబితాలో కులం పేరు ఎక్కడా ఉండదు. కానీ తరతరాలుగా దళితుల మీద రుద్దిన పని పారిశుధ్యం. నేటికీ అందులో ఎక్కువమంది వాళ్లే.

ఇప్పుడు రెండో పక్క చూడండి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల చర్చ వచ్చినప్పుడు, 2006లో జె.జె. ఇరానీ నేతృత్వంలోని సీఐఐ–అసోచామ్ టాస్క్‌ఫోర్స్ చట్టం వద్దంది, స్వచ్ఛందంగా చేస్తామంది. యాజమాన్యాలకు కావలసిన వెసులుబాటు చట్టంలోకి ఎక్కింది. మనకు కావలసింది వాళ్ల మంచితనానికే మిగిలింది.

కార్మిక అంశాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కోడ్‌ల కింద రాష్ట్రాలూ నియమాలు చేస్తాయి. ముసాయిదా ప్రకటించాక అభ్యంతరాలకు గడువు ఉంటుంది. ఎవరైనా రాయవచ్చు. న్యాయ విద్యార్థులు పారిశుధ్య కార్మికులతో కూర్చుని, సెక్షన్ నంబరుతో సహా తమ మాటను రాసి పంపాలి. వ్యాపార సంఘాలు ఏం కోరాయో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. వాళ్ల వినతిపత్రం పక్కన మనదీ ఫైల్లో ఉండాలి.